మీ పరిచయం ఉత్తరం చివర దొరికింది

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

ప్రశ్న: అమ్మా, నమస్కారం. మాది అనంతపురం జిల్లా రాయదుర్గం. నా వయసు ముప్పై ఒకటి. బెంగళూరులో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఎనిమిదేళ్లుగా టెస్టింగ్ విభాగంలో పనిచేస్తున్నాను. వారంలో మూడు రోజులు ఇంటి నుంచే పని. ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడం, అమ్మమ్మగారి ఊరు ఆదోని కావడం వల్ల అక్కడి ఉర్దూ, బడిలో హిందీ, ఉద్యోగంలో ఇంగ్లీషు వచ్చాయి. కంపెనీ అవసరం కొద్దీ జపనీస్ కూడా నేర్చుకుని ఎన్4 పరీక్ష ప్యాసయ్యాను. పల్లెల్లో పనిచేసే ఒక స్వచ్ఛంద సంస్థ తమ సాంకేతిక సలహా బృందంలో చేరమని అడుగుతూ అరపేజీ పరిచయం రాసి పంపమంది. తొలి సమావేశంలో అదే సంగతి నోటితో కూడా చెప్పాలట. ‘నేను బహుభాషా ప్రావీణ్యం, సామాజిక స్పృహ కలిగిన సాంకేతిక నిపుణురాలిని’ అని మొదలుపెట్టి రాశాను. చదివిన స్నేహితురాలు సొంత డబ్బా కొట్టుకున్నట్టుందని అంది. మా అన్న అది ఎవరికైనా సరిపోయేటట్టుందని అన్నాడు. ఆ కాగితాన్ని జతచేస్తున్నాను. ఎలా సరిదిద్దుకోవాలో చెప్పగలరు.

ఇంకొక్క మాట. మా చుట్టుపక్కల ఊళ్లలో ఆధార్ కార్డులో ఒక పేరు, బ్యాంకు పుస్తకంలో ఒక పేరు ఉండి జనం ఇబ్బంది పడుతుంటే, పేర్లను పోల్చి చూసే చిన్న ప్రోగ్రాం ఒకటి ఆదివారాల్లో రాసుకున్నాను. అది పరిచయంలో చెప్పుకునేంత పెద్ద విషయం కాదనుకుంటాను.
– ఒక పాఠకురాలు, రాయదుర్గం

జవాబు: మీ ఉత్తరాన్ని రెండుసార్లు చదివి, జతచేసిన కాగితాన్ని మూడోసారి కూడా చదివాను. మీరు చెప్పుకోవలసిన సంగతి ఆ కాగితంలో ఎక్కడా లేదు. ఉత్తరం చివర, వదిలేయవచ్చునన్నట్టుగా రాసిన ఆ ఒక్క వాక్యంలో ఉంది. అందుకే ఆ ప్రోగ్రాం వివరాలు రాయమని మీకు కబురు పంపాను. మీ రెండో ఉత్తరం ఇప్పుడు నా ముందుంది.

మీ స్నేహితురాలు, మీ అన్న చెప్పినవి రెండు వేర్వేరు విమర్శలుగా మీకు తోచి ఉండవచ్చు గాని, నా దృష్టిలో రెండూ ఒకటే. ‘బహుభాషా ప్రావీణ్యం’, ‘సామాజిక స్పృహ’ అనేవి ఒక మనిషి పనిని చూసిన మీదట ఇతరులు ఇచ్చే మాటలు. వాటిని మనమే ముందుగా తీసేసుకుంటే, వినేవారి చేతికి ఆధారమేమీ అందదు. ఆధారం లేని మాట మిమ్మల్ని బాగా ఎరిగిన స్నేహితురాలికి గొప్పలుగా వినిపించింది. రోజూ ఇలాంటి దరఖాస్తులు చూసే అన్నకు ఊరూ పేరూ లేని వాక్యంలా వినిపించింది.

మన సీమ పెద్దలనే తీసుకోండి. పుట్టపర్తి నారాయణాచార్యులు గారికి పద్నాలుగు భాషలు వచ్చునని చెబుతారు. కానీ ఆయన పేరెత్తగానే కడప, ప్రొద్దుటూరు ప్రాంతాల్లో ఎవరైనా ముందు ఆయన కావ్యం ‘శివతాండవం’ పేరు చెబుతారు; భాషల లెక్క ఆ తరువాత ఆశ్చర్యంగా చెప్పుకుంటారు. 1880లో తాడిపత్రిలో పుట్టిన బళ్లారి రాఘవ గారు తెలుగుతో పాటు కన్నడ, హిందీ, ఇంగ్లీషు నాటకాల్లోనూ నటించారు; ఆయన్ని మనం బహుభాషావేత్త అని పిలవము, నటుడని పిలుస్తాము. 1820లో కడపకు ఉద్యోగానికి వచ్చి తెలుగులో పట్టు సాధించిన సి.పి. బ్రౌన్‌కు ఇంకా కొన్ని భాషలు తెలుసు. అయినా ఆయన పేరిట ఈనాడు కడపలో గ్రంథాలయం ఉన్నది ఆ భాషల సంఖ్యను చూసి కాదు, వేమన పద్యాలను సేకరించి అచ్చువేయించినందుకు, 1852లో వెలువడిన నిఘంటువుకు. ఈ ముగ్గురి సంగతిలోనూ భాషలు పనిముట్లుగా ఉండి, వాటితో చేసిన వస్తువు ముందుకు వచ్చింది. మీరు ఆ పెద్దలతో పోల్చుకోవాలని నేననడం లేదు. పరిచయంలో ఏది ముందు, ఏది వెనక అన్న వరుస మాత్రం వారి నుంచి తీసుకోవచ్చు.

ఈ వరుస నాకు ఎవరూ పాఠంగా చెప్పలేదు. 1990ల తొలి రోజుల్లో సంపూర్ణ అక్షరాస్యతా కార్యక్రమం నడుస్తున్నప్పుడు, అనంతపురానికి దగ్గరలోని ఒక పల్లెలో రాత్రి బడి తెరవడానికి వెళ్లాను. అప్పుడు నేను కాలేజీలో ఇంగ్లీషు పాఠాలు చెప్పేదాన్ని. రచ్చకట్ట దగ్గర నిలబడి నా చదువులు, నా ఉద్యోగం, సాక్షరత మీద నాకున్న అభిమానం అన్నీ చెప్పాను. ముందు వరుసలో వేరుశనక్కాయలు ఒలుస్తున్న ఒక అవ్వ చేయి ఆపకుండానే, ‘అవన్నీ సరే గానీ పాపా, మాకేం నేర్పేకి వచ్చినావు?’ అని అడిగింది. బస్సు మీద రాసిన ఊరి పేరు చదవడం, కూలి లెక్క రాసుకోవడం, సంతకం పెట్టడం అని చెప్పాను. ఆమె చేయి అప్పుడు ఆగింది. ఆ ప్రశ్న ఆమె తప్పు పట్టడానికి అడగలేదు. తనకు కావలసింది తెలుసుకోవడానికే అడిగింది. మీ పరిచయం చదివే సంస్థవాళ్లు మర్యాద కొద్దీ పైకి అడగకపోవచ్చు గాని, వాళ్ల మనసులో ఉండే ప్రశ్న కూడా అదే.

ఇక మీ పని దగ్గరకు వద్దాం. మీరు రెండో ఉత్తరంలో రాసిన ఆ లక్ష్మీదేవమ్మ గారి సంగతి నన్ను చాలాసేపు పట్టి ఉంచింది. (పేరు మీరు మార్చే రాశానన్నారు, మంచి పని చేశారు.) తెలుగులో రాస్తే ఆ పేరుకు ఉన్నది ఒకే రూపం. ఇంగ్లీషులోకి వచ్చేసరికి ఆధార్‌లో ‘ఎక్స్’ అక్షరంతో, బ్యాంకు పుస్తకంలో ‘కె, ఎస్, హెచ్’ అక్షరాలతో పడింది. చివరి ‘అమ్మ’ ఒక కాగితంలో ఉంది, ఇంకొక కాగితంలో లేదు. సునీతలో ‘త’కు ఒకరు ‘టి’ ఒక్కటే వేస్తారు, ఒకరు పక్కన ‘హెచ్’ చేరుస్తారు. శివ, శంకర వంటి పేర్లలో ‘శ’కు సగం చోట్ల ‘ఎస్’ మాత్రమే ఉంటుంది. ఇంటిపేరు కొన్ని కాగితాల్లో ముందుకు, కొన్నిటిలో వెనక్కు, కొన్నిటిలో ఒట్టి పొడి అక్షరంగా చేరుతుంది. మనిషి ఒకరే అని ఊళ్లో అందరికీ తెలుసు, కాగితాలకు తెలియదు. దేశంలో ఉపాధి హామీ పథకం 2006 ఫిబ్రవరి 2న మొదలైనదే మన జిల్లాలో, నార్పల దగ్గరి బండ్లపల్లిలో. ఆ కూలి డబ్బు బ్యాంకు ఖాతాలో పడే పద్ధతి వచ్చాక, పేరులో ఒక్క అక్షరం తేడా ఎంత దూరం తిప్పుతుందో మన పల్లెల్లో తెలియని ఇల్లు ఉండదు.

మీ ప్రోగ్రాం ఆ ఇంగ్లీషు స్పెల్లింగులను తెలుగు ఉచ్చారణలోకి మార్చి, హ్రస్వ దీర్ఘాల తేడాలు వదిలి, దగ్గరగా వినిపించే పేర్ల జంటలను ఒక పట్టికగా చూపుతుందని రాశారు. ఏ రెండు పేర్లు ఒకే మనిషివో ప్రోగ్రాం తేల్చదనీ, ఆ పట్టికను పట్టుకుని ఊరివాళ్లే చూసి చెబుతారనీ రాశారు. ఆ జాగ్రత్త మీ ఉద్యోగం నేర్పినది. తప్పులు వెతకడమే వృత్తిగా ఉన్నవారికే తమ ప్రోగ్రాం తప్పు చేయగలదన్న ఎరుక ఉంటుంది. మొళకాల్మూరు వైపు నుంచి మన ఊళ్లకు కోడళ్లుగా వచ్చినవారి పాత కాగితాలు కన్నడంలో ఉంటే, వాటిని కూడా చేర్చారు. కంప్యూటర్లలో ప్రతి అక్షరానికీ ఒక సంఖ్యనిచ్చే యూనికోడ్ పద్ధతిలో తెలుగు అక్షరాలకు 128 స్థానాలు, వాటి వెంటనే కన్నడానికి 128 స్థానాలు ఉన్నాయనీ, రెండు లిపుల్లోనూ అక్షరాలు ఒకే వరుసలో ఉండడం వల్ల కన్నడ ‘క’ సంఖ్యలోంచి 128 తీసేస్తే తెలుగు ‘క’ వస్తుందనీ మీరు వివరించినప్పుడు, ఆ సంగతి నాకు మొదటిసారి తెలిసింది. వీధిలో వచ్చిన కన్నడం, ఉద్యోగంలో వచ్చిన నైపుణ్యం, పొరుగువారి అవసరం మూడూ ఆ ఒక్క చోట కలిశాయి. దీనిని మీరు చిన్న విషయమన్నారు. నేను ఒప్పుకోను.

భాషల సంగతి రాసేటప్పుడు ‘ఆరు భాషలు వచ్చు’ అని మొత్తం చెప్పకండి. ఒక భాషలో మాట్లాడడం, చదవడం, రాయడం మూడు వేర్వేరు శక్తులు. మన సరిహద్దు ఊళ్లలో కన్నడం ధారాళంగా మాట్లాడి, బస్సు బోర్డు చదవలేనివారు ఎందరో ఉన్నారు. అది తక్కువతనం కాదు గాని, బృందంలో మీకు పని అప్పగించేవారికి ఆ తేడా తెలియాలి. కన్నడం వచ్చన్నారు కదా అని ఒక కన్నడ పహణీ (పొలం రికార్డు) మీ ముందు పెట్టినప్పుడు ఇబ్బంది పడకూడదు. యూరప్ భాషలకు ఎ1 నుంచి సి2 దాకా ఆరు మెట్లు, జపనీస్‌కు ఎన్5 నుంచి ఎన్1 దాకా ఐదు మెట్లు ఉన్నాయి. మీ ఎన్4 కింది నుంచి రెండో మెట్టు కనుక కంపెనీ కాగితాల్లో దానిని తప్పక రాయండి. ఈ సంస్థకు పంపే అరపేజీలో మాత్రం జపనీస్ ప్రస్తావన వద్దని నా అభిప్రాయం. అది అబద్ధమవుతుందని కాదు. వారికి పనికివచ్చే మాటల చోటును అది తీసుకుంటుంది.

మరొక మాట పట్టింపుగా చెబుతున్నాను. ‘లబ్ధిదారులకు సేవ చేస్తున్నాను’ అని మీ కాగితంలో రెండు చోట్ల ఉంది. లబ్ధిదారులు అనేది ప్రభుత్వ ఉత్తర్వుల మాట. మీకు వాళ్లు పొరుగువాళ్లు, మీ వీధి అత్తలు, మామలు. ‘మా ఊరివాళ్ల కాగితాలు సరిచేయడంలో సాయపడుతున్నాను’ అంటే సరిపోతుంది, నిజానికి అదే బరువైన మాట. అలాగే వాళ్ల ఫొటోలు, ఆధార్ అంకెలు, బ్యాంకు పుస్తకాల నకళ్లు మీ పని గొప్పతనం చూపడానికి ఎక్కడా జతచేయకండి. వ్యక్తిగత సమాచార రక్షణకు 2023లో పార్లమెంటు చట్టమే చేసింది. చట్టం లేకపోయినా, నమ్మి చేతికిచ్చిన కాగితాన్ని నలుగురిలో పరచడం తగదు.

మీ మాటలతోనే నేను కూర్చిన రూపం ఇది. మార్చుకోవలసిన చోట మార్చుకోండి.

‘మాది రాయదుర్గం. ఎనిమిదేళ్లుగా సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేస్తున్నాను. ఒక ప్రోగ్రాం జనం చేతికి వెళ్లకముందే అందులోని తప్పులు వెతికి పట్టుకోవడం నా పని. మా ప్రాంతంలో ఒకే మనిషి పేరు వేర్వేరు కాగితాల్లో వేర్వేరుగా ఉండి పింఛను, కూలి డబ్బు ఆగిపోవడం చూసి, ఉచ్చారణను బట్టి పేర్లను పోల్చే ప్రోగ్రాం ఒకటి ఆదివారాల్లో రాస్తున్నాను. ఇంగ్లీషు, తెలుగు, కన్నడ లిపుల్లో ఉన్న పేర్లను అది పోలుస్తుంది. ఉర్దూ లిపిలో ఉన్న పేర్లను ఇంకా పోల్చలేదు. ఆ లిపి చదవగలవారి సాయం నాకు కావాలి. తెలుగు, కన్నడం, ఇంగ్లీషు మాట్లాడతాను, చదువుతాను, రాస్తాను. హిందీ మాట్లాడి చదవగలను. ఆదోని ఉర్దూ మాట్లాడగలను గాని చదవలేను. వారాంతాల్లో పల్లెలకు రాగలను. మీ దగ్గరి పేర్ల జాబితాల్లో ఇటువంటి చిక్కులుంటే ముందు అవి చూడాలని ఉంది.’

ఇందులో ఒక్క పొగడ్త మాట లేదని గమనించండి. మీకు రానిది కూడా ఉంది. ఉర్దూ చదవలేనని రాసినందువల్ల కన్నడం చదవగలనన్న మాటకు విలువ పెరుగుతుంది.

నోటితో చెప్పేటప్పుడు ఈ కాగితాన్ని అప్పజెప్పవద్దు. మన పల్లెల్లో మనిషిని ‘యా ఊరమ్మా మీది, ఎవురి పాపవు?’ అని మొదలుపెట్టి తెలుసుకుంటారు. ఆ ప్రశ్నకు ముందు జవాబివ్వండి. ఊరు, వీధి, అమ్మమ్మగారి ఆదోని అన్నీ చెప్పండి. తరువాత లక్ష్మీదేవమ్మ గారి రెండు స్పెల్లింగుల కథ ఆమె అసలు పేరు బయటపెట్టకుండా రెండు నిమిషాల్లో చెప్పండి. సమావేశంలో కన్నడం మాట్లాడేవారుంటే ఆ రెండు నిమిషాల్లో ఒక నిమిషం కన్నడంలోనే చెప్పండి. మీకు కన్నడం వచ్చని వేరే చెప్పవలసిన పని ఉండదు.

ప్రశ్న: మేడమ్, నేను కడపలో నెట్‌వర్క్ టెక్నీషియన్‌ని, పాలిటెక్నిక్ చదివాను. మా ఇంట్లో ఉర్దూ మాట్లాడతాము. నేను తెలుగు మీడియంలో చదవడం వల్ల ఉర్దూ లిపి రాదు. దర్గాకు వచ్చే యాత్రికులకు, రిమ్స్‌కు వచ్చే రోగులకు స్నేహితులతో కలిసి ఫోన్లో చీటీలు, రిపోర్టులు చదివి చెబుతుంటాము. మాది అచ్చమైన ఉర్దూ కాదని హైదరాబాదు బంధువులు అంటారు. ఉద్యోగ దరఖాస్తులో ఉర్దూ వచ్చని రాయవచ్చా?
– ఒక పాఠకుడు, కడప

జవాబు: రాయండి నాయనా, నిస్సంకోచంగా రాయండి. ‘ఉర్దూ (దక్ఖనీ) మాతృభాష, మాట్లాడగలను, చదవడం నేర్చుకుంటున్నాను’ అని రాయండి, ఆ చివరి మాట నిజమయ్యేటట్టు ఈ నెలలోనే అలిఫ్, బే మొదలుపెట్టండి. దక్ఖనీ వందల ఏళ్లుగా దక్కను నేల మీద తెలుగు, కన్నడ, మరాఠీలతో కలిసి బతికిన భాష. గోల్కొండ, బీజాపూరు సుల్తానుల కాలంలోనే అందులో కవిత్వం వచ్చింది. మీ బంధువులు నొచ్చుకోకూడదు గాని, కడపలో ఆస్పత్రి వరండాలో కూర్చున్న ఒక పెద్దామెకు మందును అన్నం తిన్న తరువాత వేసుకోవాలా ముందు వేసుకోవాలా అని చెప్పవలసి వచ్చినప్పుడు మీ ఇంటి మాటే ఆమెకు అర్థమయ్యే మాట. ఉర్దూ చదువును పట్టించుకున్నవారు మన సీమలోనే ఉన్నారు. కర్నూలులో 2016 నుంచి డాక్టర్ అబ్దుల్ హక్ పేరిట ఉర్దూ విశ్వవిద్యాలయం ఉంది.

మీ దరఖాస్తులో నేను ముందు చదవాలనుకునేది ఆ ఆస్పత్రి పని. ఎన్నాళ్లుగా, వారానికి ఎన్ని గంటలు, ఏ భాషలో ఏం చదివి చెబుతున్నారో రెండు వాక్యాలు రాయండి. మందుల విషయంలో మీకు అనుమానం వస్తే డాక్టరునో నర్సునో అడిగి చెబుతామన్న సంగతి కూడా అందులో ఉండాలి. నెట్‌వర్క్ పనికి పిలిచే యజమానికి, తెలియనిది తెలియదని ఒప్పుకుని కనుక్కుని వచ్చే మనిషి దొరికాడన్న భరోసా ఆ వాక్యమే ఇస్తుంది.

పైన రాయదుర్గం పాఠకురాలికి ఉర్దూ లిపి తెలిసినవారి సాయం కావలసి ఉంది. ఒక ఆరు నెలల తరువాత మళ్లీ నాకు రాయండి.

ప్రశ్న: కర్నూలులో ఎం.సి.ఏ. చివరి సంవత్సరం చదువుతున్నాను. సామాజిక సేవ అని రాసుకోవడానికి రెండు రోజుల రక్తదాన శిబిరం తప్ప నాకేమీ లేదు. దానినే కొంచెం పెంచి రాయవచ్చా?
– ఒక విద్యార్థి, కర్నూలు

జవాబు: పెంచవద్దు. రెండు రోజులు అని, అక్కడ మీరు చేసిన పని ఏమిటో అని, అంతే రాయండి. ఇంటర్వ్యూలో మూడో ప్రశ్నకే పెంచిన భాగం బయటపడుతుంది, ఆ తరువాత ఉన్న నిజాన్ని కూడా ఎవరూ నమ్మరు.

చదువు పూర్తి కావడానికి మీకు ఇంకా నెలలున్నాయి. తెలుగు వికీపీడియా 2003 డిసెంబరు నుంచి ఉంది. అందులో మీరు దిద్దిన ప్రతి వాక్యమూ తేదీతో సహా మీ వాడుకరి పేరు మీద నిలిచి ఉంటుంది. ఎవరైనా దిద్దగల ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ అనే పటంలో కూడా అంతే. మీ పేట వీధుల పేర్లు, బడి, ఆరోగ్య కేంద్రం, తాగునీటి ట్యాంకు తెలుగులో చేర్చవచ్చు. యంత్రాలకు మన మాట నేర్పడానికి జనం గొంతులు సేకరించే మొజిల్లా వారి కామన్ వాయిస్‌లో తెలుగు వాక్యాలు చదివి గొంతు ఇవ్వవచ్చు; మన సీమ యాస వినని యంత్రానికి మన మాట అర్థం కాదు కనుక కర్నూలు గొంతుకు అక్కడ ప్రత్యేకంగా అవసరముంది. వీటిలో ఏదో ఒకటి ఎంచుకోండి. మ్యాప్ పనైతే, వచ్చే ఆదివారం తుంగభద్ర ఒడ్డున మీ పేట నుంచి రేవు దాకా నడిచి, మ్యాప్‌లో లేని పేర్లు ఒక నోటుపుస్తకంలో తెలుగులో రాసుకుని రండి. సాయంత్రం వాటిని ఎక్కించినప్పుడు పడే తేదీయే మీ దరఖాస్తులో ఆ పని మొదలైన తేదీ.